నా లివింగ్ విల్‌లో వదిన పేరు

మా ఊళ్ళో నోటరీ గారు నా కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "టీచరుగారూ, ఇంట్లో అంతా బాగానే ఉన్నారు కదా?" అన్నారు. కోడలితో గొడవపడి వచ్చాననుకున్నారు పాపం. గొడవపడదామన్నా ఆ అమ్మాయి ఉండేది డాలస్‌లో.

నేను తీసుకెళ్ళింది లివింగ్ విల్. రేపెప్పుడో నేను నోరు విప్పి చెప్పలేని స్థితిలో పడి, ఇక కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేలిస్తే ఏ వైద్యం ఆపాలో, ఏది ఆపకూడదో, నా తరఫున ఎవరు మాట్లాడాలో తెలివిలో ఉండగానే రాసిపెట్టుకునే కాగితం. నాకు 62 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. బీపీ తప్ప జబ్బేమీ లేదు. ఊరి పేరు చెప్పను, గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపాలిటీ అనుకోండి. చెబితే ఆ నోటరీ గారెవరో అందరికీ తెలిసిపోతుంది. ఆయన మంచివారే.

ఇదంతా మా అన్నయ్యతో మొదలైంది. 2024 నవంబరులో ఒక తెల్లవారుజామున బాత్రూములో పడిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. 19 రోజులు ఐసీయూలో ఉన్నాడు. మూడోరోజుకే డాక్టరు గారు లోపలికి పిలిచి "పెద్దగా ఆశ పెట్టుకోకండి" అన్నారు. కానీ ఆ మాటకి అర్థం ఏమిటో, దాని తర్వాత మేం ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అన్నయ్య పెద్దకొడుకు "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనేవాడు. చిన్నవాడు "నాన్నని ఇలా ఉంచడం పాపం" అనేవాడు. ఇద్దరూ కారిడార్‌లో అరుచుకుని, క్యాంటీన్లో ఒకే టేబులు దగ్గర కూర్చుని మాట్లాడకుండా ఇడ్లీ తినేవాళ్ళు. పదకొండో రోజున గొంతుకి రంధ్రం పెట్టి ట్యూబు వేస్తామన్నారు. సంతకం వదిన పెట్టింది. డయాలసిస్‌కీ వదినే పెట్టింది. ఆ 19 రోజుల్లో ఆవిడ ఎన్ని కాగితాల మీద పెట్టిందో లెక్కలేదు.

చివరి సంతకం వేరే రకం. "మా ఇష్టపూర్వకంగా, డాక్టర్ల సలహాకి వ్యతిరేకంగా తీసుకెళ్తున్నాం" అని. మనవైపు చాలా ఇళ్ళల్లో ఐసీయూ కథ ఇలాగే ముగుస్తుంది. వైద్యం ఆపమని అడిగే దారి ఒకటుందని తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు. అంబులెన్సులో ఒక కుర్రాడు చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతూ కూర్చున్నాడు. ప్రాణం పోతున్న మనిషిని ఇంటికి తెస్తుంటే సైరన్ ఎందుకు వేశాడో డ్రైవరు, వీధి మొదట్నుంచీ వేసుకునే వచ్చాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తులసి తీర్థం పోశాం. కుర్రాడు మా మొహాలు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. వదిన తలూపింది. ఇరవై నిమిషాలు.

పదోరోజున ఎవరో అన్నారట, "డబ్బులైపోయి తెచ్చేసుకున్నార్ట" అని. ఆ మాట వదిన చెవిన పడింది.

తర్వాత జనవరి చివర్లో పేపర్లో చదివాను, కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టు తీర్పును అమలు చేస్తూ ఉత్తర్వు ఇచ్చిందని. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి ఆసుపత్రులు పాటించాల్సిన పద్ధతి అది. ఏ తీర్పు అని వెతికితే తేలింది. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో చెప్పింది. గౌరవంగా చనిపోవడం కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అని. ఇరవై ఏళ్ళపాటు పదో తరగతి పిల్లలకి ప్రాథమిక హక్కులు చెప్పినదాన్ని. 21 దగ్గర "ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛ" అని బోర్డు మీద రాసి గీత గీసి 22కి వెళ్ళిపోయేదాన్ని.

మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక పాత కథ ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాదులో వెంకటేష్ అనే చెస్ ఆటగాడు, కండరాల క్షీణత వ్యాధితో ఆసుపత్రిలో ఉన్న ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, తన అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే తీసుకోనివ్వమని కోరాడు. తల్లి హైకోర్టుకి వెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. అతను పోయాడు. ఆ రోజుల్లో స్టాఫ్‌రూమ్‌లో అందరం ఆ తల్లి గురించే మాట్లాడుకున్నాం. వాళ్ళడిగింది వేరు, నేను రాసింది వేరు. మందిచ్చి ప్రాణం తియ్యడం ఇప్పటికీ మన దేశంలో నేరమే. పోయే ప్రాణాన్ని యంత్రాలతో కట్టిపడెయ్యొద్దనడం మటుకే ఈ కాగితం పని. నోటరీ గారికి ఈ తేడా చెప్పడానికి అరగంట పట్టింది. ఆయన తల పంకించి, "నాకెందుకొచ్చిన గొడవమ్మా" అన్నారు.

2018 తీర్పు ప్రకారమైతే ఆ కాగితం మీద ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కావాలి. ఎవరెక్కుతారు ఆ కోర్టు మెట్లు? అందుకే 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని సడలించింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలన్నారు. ఆ "లేదా" నన్ను కాపాడింది. ఆ సంగతి తర్వాత.

మా ఆయనైతే మొదట్లో తేలిగ్గా తీసేశారు. "దీనికింత రామాయణం దేనికోయ్, నాకో జీపీఏ రాసిచ్చెయ్, నేను చూసుకుంటాను" అన్నారు. ఇల్లు అమ్మడానికి రాసే జనరల్ పవరాఫ్ అటార్నీ లాంటిదే అనుకున్నారు. నేనూ అంతే అనుకున్నాను. మా పాత విద్యార్థి ఒకడు లాయరు. వాడు చెబితే ఇద్దరం తెల్లబోయాం. రాసినవాడికి మతి స్థిమితం పోతే ఆ పవరాఫ్ అటార్నీ అక్కడితో చెల్లకుండా పోతుందట, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను. అంటే సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాదు. అన్నయ్య పెన్షను ఖాతా ఆయన ఒక్కడి పేరు మీదే ఉండేది. ఫోను లాక్ వదినకి తెలియదు. ఆసుపత్రి ఖర్చుకి ఆయన డబ్బు ఉండి కూడా చిన్నవాడు బంగారం తాకట్టు పెట్టాడు. లివింగ్ విల్ సంగతి అటుంచండి, ఇది చదివే పెద్దవాళ్ళెవరైనా ఉంటే రేపు బ్యాంకుకెళ్ళి ఖాతాని ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటు చేయించుకోండి. ముందు అది.

నెట్‌లో నేను మొదట దింపుకున్న ఫారం తప్పు ఫారం. అది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద మానసిక వ్యాధికి వైద్యం ఎలా చెయ్యాలో ముందుగా రాసుకునేది. పేర్లు దాదాపు ఒకటే. సగం నింపాక గాని తెలియలేదు. దాంతో విసుగొచ్చి, నోట్‌బుక్కులో తెలుగులో నా మాటల్లోనే రాశాను. నాలుగు వాక్యాలు. "నన్ను వెంటిలేటర్ మీద పెట్టొద్దు. ముక్కులో ట్యూబు వెయ్యొద్దు. గుండె ఆగితే నొక్కొద్దు. ఇంట్లో పోనివ్వండి."

అది తీసుకుని మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి నవ్వారు. "అమ్మా, రేపు మీ పెరట్లో కట్లపాము కరిచిందనుకోండి. ఊపిరి కండరాలు పడిపోతాయి. రెండు మూడు రోజులు వెంటిలేటర్ మీద పెట్టి విరుగుడు మందిస్తే లేచి నడుచుకుంటూ ఇంటికెళ్తారు. మీ కాగితం ప్రకారమైతే మిమ్మల్ని పోనివ్వాలి. అదేనా మీక్కావలసింది?" అన్నారు. న్యుమోనియా అయినా అంతేనన్నారు. నిజానికి కోలుకునే ఆశ ఉన్నచోట ఈ కాగితం ఎలాగూ అమల్లోకి రాదట. అయినా రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో మావాళ్ళు ఈ నాలుగు ముక్కలూ చూపిస్తే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఏమనుకుంటాడు?

మేం అన్నయ్య విషయంలో "వద్దు" అనే మాట ఎప్పుడనాలో తెలియక 19 రోజులు గడిపాం. నేనేమో ఆ మాటని తెచ్చి మొదటి రోజునే పెట్టేశాను. రెండూ ఒకే తప్పని ఆయన గదిలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

ఆ కాగితం మీద నాలుగుసార్లు కూర్చున్నాం. ఆయన ఫీజు తీసుకోలేదు, నేను మా పెరటి మామిడికాయలు పట్టుకెళ్ళాను. చివరికి తేలింది ఇలా ఉంది. నయమయ్యే అవకాశమున్న జబ్బుకైతే ఏ యంత్రమైనా పెట్టొచ్చు. ఎంతవరకు పనికొస్తుందో తెలియనప్పుడు కొన్నాళ్ళు గడువు పెట్టుకుని ప్రయత్నించి చూడొచ్చు, గడువయ్యాక మెరుగు లేకపోతే తీసెయ్యాలి. నన్ను నేను, నావాళ్ళని నావాళ్ళుగా గుర్తుపట్టే స్థితికి ఇక రానని తేలాక గొంతుకి రంధ్రం వద్దు, డయాలసిస్ వద్దు, గుండె ఆగితే మళ్ళీ ఆడించే ప్రయత్నం వద్దు. నొప్పి తగ్గించే మందు మాత్రం ఎప్పుడూ, ఏ స్థితిలోనూ ఆపొద్దు. మార్ఫిన్ అవసరమైతే ఇవ్వాలి, దానివల్ల మగతగా ఉన్నా సరే. ఈ చివరి వాక్యం డాక్టరు గారు పట్టుబట్టి రాయించారు. చాలామంది "వద్దు"లన్నీ రాసి "కావాలి" రాయడం మర్చిపోతారట.

అన్నిటికన్నా కష్టమైంది ముక్కులో ట్యూబు. వెంటిలేటర్‌కి గట్టిగా తలూపిన మా ఆయన, ట్యూబు దగ్గర లేచి నిలబడ్డారు. "తిండి పెట్టకుండా చంపమంటావా? నావల్ల కాదు" అన్నారు. ఆయన తప్పు లేదు. మన ఇళ్ళల్లో మనిషి బాగోగులడిగేదే "భోంచేశావా" అని. పక్షవాతం వచ్చినవాళ్ళకి మొదటి కొన్ని వారాల్లో మింగడం తిరిగి రావచ్చు, అందుకని అప్పుడు ట్యూబు మంచిదేనన్నారు డాక్టరు గారు. ఆఖరి రోజుల్లో మాత్రం శరీరానికి ఆకలి ఉండదు, బలవంతాన పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయాసమే ఎక్కువవుతుందట. అందుకని నాలుగు వారాలు అని రాసుకున్నాను. ఆ తర్వాత నోటితో తీసుకున్నంతే. మా ఆయన ఆ వాక్యం కింద వేలు పెట్టి, "చారన్నం చెంచాతో పెట్టొచ్చా?" అని అడిగారు. పెట్టొచ్చని రాశాను. నిజంగానే రాశాను, కాగితంలో ఉంది.

ఇంకొకటి నాకస్సలు తట్టనిది. నేను జీవన్‌దాన్‌లో అవయవదానానికి పేరిచ్చి చాలాకాలమైంది. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి అవయవాలు తీసుకోవాలంటే అప్పటిదాకా వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఒక కాగితం వెంటిలేటర్ తియ్యమంటోంది, ఇంకో కార్డు ఉంచమంటోంది. "అవయవదానం కోసం అవసరమైనంతసేపు వెంటిలేటర్ కొనసాగించవచ్చు" అని విడిగా ఒక వాక్యం చేర్చాం. కార్డున్నా సరే చివర్లో ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటేనే తీసుకుంటారని కూడా అప్పుడే పిల్లలిద్దరికీ చెప్పాను.

ఇక ఎవరి పేరు రాయాలి? సంరక్షకులుగా లేదా దగ్గరి బంధువులుగా ఒకరికి మించి పేర్లు రాయొచ్చు. మా ఆయన చారన్నం దగ్గరే తేలిపోయారు. అబ్బాయి డాలస్‌లో. వాడికి ఫోన్లో చెబితే, "అమ్మా, ప్లీజ్, ఇప్పుడివన్నీ ఎందుకు" అని టాపిక్ మార్చేశాడు. అక్కడ టెక్సస్‌లో ఆసుపత్రిలో చేరితే మొదటే ఇలాంటి పత్రం ఉందా అని అడుగుతారని, వాడూ కోడలూ ఇల్లు కొన్న ఏడాదే ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు పెట్టుకున్నారని తర్వాత కోడలే చెప్పింది. వాడికి లేని అపశకునం నాకెక్కడిదో. అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది, రాత్రికి రాత్రి రాగలదు, నిబ్బరం ఉన్న పిల్ల. దాని పేరు రాశాను. కానీ ఒక్కదాని మీదే ఆ బరువు పెట్టబుద్ధి కాలేదు. అన్నయ్య పిల్లల్ని చూశాను కదా.

ఐసీయూ బయట 19 రోజులు నిలబడి, ఏ మాటకి ఏమిటర్థమో తెలిసిన మనిషి నాకు తెలిసి ఒక్కతే.

వదిన దగ్గరికి వెళ్ళేసరికి వంటింట్లో గోంగూర వలుస్తోంది. నేనూ కూర్చుని వలిచాను. సగం కట్ట అయ్యాక చెప్పాను. చెయ్యి ఆపలేదు ఆవిడ. "మళ్ళీ నాచేతే పెట్టిస్తావా సంతకం?" అంది. అంతే. నేను కాగితం సంచిలో పెట్టేసుకున్నాను. అడక్కుండా ఉండాల్సింది అనుకుంటూ ఇంటికొచ్చాను.

పది రోజుల తర్వాత తనే ఫోను చేసింది. "మీ అన్నయ్య ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే, ఆ రోజు పిల్లలు నా మొహం వంక చూసేవాళ్ళు కాదు, కాగితం వంక చూసేవాళ్ళు" అంది. కాసేపాగి, "నా కాగితంలో నీ పేరు రాస్తాను, నీ దాంట్లో నా పేరు రాసుకో. అలాగైతే ఒప్పుకుంటాను" అంది.

సంతకాల రోజు కథ పెద్దగా లేదు. నోటరీ గారు కాదన్నాక, నాతో పాటు పనిచేసిన ఒకావిడ ఇప్పుడు హైస్కూలు హెడ్మాస్టరు, గెజిటెడ్ హోదా ఉంది. ఆవిడ ముందు పెట్టాను. సాక్షులు బయటివాళ్ళయితే మంచిదన్నారు కాబట్టి, పొద్దున్నే నాతో నడకకి వచ్చే ఇద్దరు. హెచ్చెమ్ గారు నన్ను విడిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేశారా, రాసిందంతా అర్థమైందా, ఎప్పుడైనా మార్చుకోవచ్చని తెలుసా అని వరసగా అడిగారు. పిల్లల టీసీలు చూసినట్టే చూశారు ప్రతి పేజీ. తర్వాత గ్రీన్ ఇంకుతో సంతకం, సీలు. లాయరు పిల్లాడి సలహా మీద వంద రూపాయల స్టాంపు పేపరు వాడాం. జిరాక్సులతో కలిపి మూడొందలు కూడా కాలేదు.

అసలు తిప్పలు మున్సిపాలిటీలో. తీర్పు ప్రకారం ఒక కాపీ స్థానిక సంస్థలో బాధ్యుడైన అధికారికి ఇవ్వాలి, ఆయన దాన్ని భద్రపరచడానికి ఒకరిని నియమించాలి. రేపు ఆసుపత్రివాళ్ళు ఇది నిజమైన కాగితమేనా అని అక్కడే వాకబు చేస్తారు. మా ఊళ్ళో ఆ ఒకరు ఎవరో ఎవరికీ తెలియదు. ఇన్‌వార్డు గుమాస్తా చదివి, "జనన మరణాల సెక్షన్‌లో ఇవ్వండి" అన్నాడు. అక్కడి అమ్మాయి, "మేడమ్, పోయాక ఇస్తారండి ఇక్కడ" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడుసార్లు తిరిగి, తీర్పులో ఆ పేరా జిరాక్సు జతచేసి, కమిషనరు పేరిట రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగొచ్చింది, దాని మీద సీలుంది. సంతకం ఎవరిదో తెలియదు. ఫైల్లో పెట్టాను. ఇంకో కాపీ డాక్టరు గారికి, అమ్మాయికి, వదినకి. అబ్బాయికి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు, మూడోరోజు ఒక నమస్కారం బొమ్మ వచ్చింది.

ఇంత చేసినా రేపు కాగితం చూపించగానే ఎవరూ స్విచ్ నొక్కెయ్యరు, ఆ భయం పెట్టుకోకండి. వైద్యం చేస్తున్న డాక్టరు, ఆయనతో పాటు కనీసం అయిదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. వాళ్ళు సరేనంటే, జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో, వేరే ఇద్దరు నిపుణులతో రెండో బోర్డు. ఒక్కో బోర్డూ వీలైతే 48 గంటల్లో తేల్చాలి. కాగితంలో పేరున్నవాళ్ళు ఒప్పుకోవాలి. ఆపేముందు మేజిస్ట్రేటుకి కబురు పెట్టాలి. బోర్డు కాదంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు. కాగితం లేనివాళ్ళకీ కుటుంబం ఒప్పుకుంటే ఇదే దారి ఉంది. అన్నయ్యకీ ఉండేదే. మాకెవరూ చెప్పలేదు అంతే.

జూన్‌లో వదిన కాగితం చేయించాం. అదే హెచ్చెమ్ గారు, అదే గ్రీన్ ఇంకు. నాది మూడు పేజీలు, వదినది ఒకటిన్నర. నా దాన్నే చూసి రాసింది, చారన్నం వాక్యం మాత్రం కొట్టేసింది, "ఎవరు పెడతారు నాకు" అని. చివర తన చేత్తో ఒక లైను కలిపింది. హెచ్చెమ్ గారు అక్కడికొచ్చి ఆగారు. "ఇది వైద్యం కాదు కదండీ, ఉంచాలా?" అని నా వంక చూశారు.

నన్ను ఇంటికి తీసుకొచ్చేటప్పుడు సైరన్ వెయ్యొద్దని చెప్పండి, అని ఉంది.

"ఉంచండి" అంది వదిన. ఆవిడ సీలు వేశారు.